సంచిలో రెండు రకాల రాళ్లు

(రేడియో ప్రసంగ పాఠము. వాక్యభాగము: ద్వితీయోపదేశకాండము 25:13–16)

పది ఆజ్ఞలను వరుసగా ధ్యానించుకుంటూ వస్తున్నాము. ఈ వారం దొంగతనమును గూర్చిన ఆజ్ఞ దగ్గరకు వచ్చాము. మనలో చాలామంది దీనిని ఎనిమిదవ ఆజ్ఞ అంటారు. లూథరన్ సంఘాలలో పెరిగి, చిన్నప్పుడు లూథరు రాసిన చిన్న ప్రశ్నోత్తరి కంఠస్థం చేసినవారు మాత్రం ఏడవ ఆజ్ఞ అంటారు. లెక్కపెట్టే పద్ధతిలో తేడాయే గాని ఆజ్ఞ ఒక్కటే. మూలమైన హెబ్రీ భాషలో అది రెండే రెండు మాటలు.

రెండు మాటల ఆజ్ఞ కదా, రెండు నిమిషాలలో దాటిపోవచ్చులే అనిపిస్తుంది. తాగుడు గురించి మాట్లాడితే రేడియో దగ్గర కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరు లేచి బయటికి వెళ్తారు. దొంగతనం గురించి అంటే ఎవరూ లేవరు. అందరం నిబ్బరంగా కూర్చుంటాం. మనం ఎవరి ఇంటికీ కన్నం వేయలేదు, ఎవరి మెడలో గొలుసూ తెంపలేదు. ఈ ప్రసంగం జైలులో ఉన్నవాళ్లకు పనికొస్తుందేమో అనుకుంటాం. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అని మనవాళ్లు నవ్వుతూ ఒక మాట అంటారు. దేవుని వాక్యం మాత్రం దొరకనివాడి సంచి కూడా విప్పి చూస్తుంది. ఈ రోజు వాక్యభాగంలో జరిగేది అదే.

మీ దగ్గర బైబిలు ఉంటే ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం తెరవండి. 13 నుంచి 16 వచనాలు. సంచిలో బరువైన రాయి ఒకటి, తేలికైన రాయి ఒకటి పెట్టుకోవద్దని మోషే ఇశ్రాయేలీయులకు చెబుతున్నాడు. ఇంట్లో పెద్ద కొలపాత్ర ఒకటి, చిన్న కొలపాత్ర ఒకటి ఉంచుకోవద్దంటున్నాడు. హెబ్రీలో రాయి అన్న మాటకే తూనికరాయి అన్న అర్థం కూడా ఉంది. అక్కడి వాక్యాన్ని ఉన్నదున్నట్టు చదివితే "నీ సంచిలో రాయి, రాయి ఉండకూడదు" అన్నట్టు వినిపిస్తుంది. మనం పల్లెల్లో "కిలో రాయి, అరకిలో రాయి" అన్నట్టే. యూదా దేశపు పాత పట్టణాలను తవ్వినవారికి అలాంటి తూనికరాళ్లు చాలా దొరికాయి. గుండ్రంగా, అడుగున చదునుగా, గురుతులు చెక్కి ఉంటాయి. మన తెలుగు బైబిలులో తులము అని చదివేదాని బరువు వాటినిబట్టి సుమారు 11.4 గ్రాములు అని లెక్కకట్టారు. మన కంసాలి తులం 11.66 గ్రాములు. ఇంచుమించు ఒకటే అన్నమాట.

ఆ రాళ్లలో కొన్నిటిమీద "పీం" అన్న అక్షరాలు ఉన్నాయి. ఇది కాస్త పక్కదారి, అయినా చెప్పనివ్వండి. 1 సమూయేలు 13:21లో ఆ మాట ఉంది. దాని అర్థం తెలియక పాత అనువాదకులు ఆకురాయి అని ఊహించారు. రాళ్లు బయటపడ్డాక అది తులంలో మూడింట రెండు వంతుల తూకం అని తేలింది. ఫిలిష్తీయులు ఇశ్రాయేలు రైతుల దగ్గర నాగలి నక్కు పదును పెట్టడానికి తీసుకున్న కూలి అది. దేశంలో ఇంకో కమ్మరి లేడు, కాబట్టి వాళ్లు అడిగినంతా ఇచ్చుకోవాలి. గత్యంతరం లేనివాడి దగ్గర ఎంత పిండుకోవచ్చో అంత పిండుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే.

ఇప్పుడు ఒక్క సంగతి గమనించండి. తప్పు తూకం తూయవద్దు అని మోషే చెప్పి ఊరుకోలేదు. ఆ రాయి సంచిలోనే ఉండకూడదన్నాడు. సంచిలో ఉన్న రాయి ఏదో ఒక రోజు బయటికి వస్తుందని ఆయనకు తెలుసు. ఇంకొకటి. 16వ వచనంలో దేవునికి హేయము అన్న అర్థమిచ్చే మాట వాడాడు. అదే గ్రంథం 7వ అధ్యాయంలో విగ్రహాల విషయంలో వాడిన మాట కూడా అదే. విగ్రహం ముందు సాగిలపడము అని మనం ధైర్యంగా చెబుతాం. తక్కువ తూచే రాయిని దేవుడు ఆ విగ్రహం పక్కనే పెట్టాడు.

తరువాత కొన్ని వందల ఏండ్లకు ఆమోసు ప్రవక్త వచ్చాడు. ఆయన గొర్రెల కాపరి, మేడిపండ్లు ఏరుకునేవాడు. 8వ అధ్యాయంలో వర్తకులను గూర్చి మాట్లాడతాడు. వాళ్లు విశ్రాంతి దినం పాటిస్తారు. దుకాణం మూసి ఆరాధనకు వస్తారు. కాని ఆ దినం ఎప్పుడు గడుస్తుందా, కొట్టు ఎప్పుడు తెరుద్దామా అని లోలోపల లెక్కలు వేసుకుంటూ ఉంటారు. వాళ్లు ఏఫాను చిన్నది చేశారు, తులాన్ని పెద్దది చేశారు అంటాడు ఆమోసు. దీనిని కొంచెం వివరించాలి. ఆ దినాలలో ఇశ్రాయేలులో నాణెములు చలామణిలో లేవు, వెండిని తూచి ఇచ్చేవారు. గోధుమలు కొలిచి పోసే పాత్ర ఏఫా. దానిని చిన్నది చేస్తే కొనేవాడికి గోధుమలు తక్కువ వస్తాయి. వాడు తెచ్చిన వెండిని తూచే రాయి తులం. దానిని పెద్దది చేస్తే వాడు వెండి ఎక్కువ ఇవ్వాలి. ఒకే బేరంలో రెండు వైపులా కోత! పైగా ఆ గోధుమలలో తాలు కలిపి అమ్మారు.

తాలు అనగానే మన రైతు సోదరులకు చెవులు నిక్కబొడుచుకుని ఉంటాయి. కల్లం మీద వడ్లు ఆరబోసి, వాన వస్తుందేమోనని ఆకాశం వంక చూస్తూ నిలబడినవాడికి ఆమోసు ఎవరి గురించి మాట్లాడుతున్నాడో వేరే చెప్పనక్కరలేదు. వడ్లలో తేమ 17 శాతానికి మించితే ధర తగ్గుతుంది. అది నిబంధన, దానిని మనం తప్పుపట్టము. కాని తేమ సరిగానే ఉన్నా, తాలు తూర్పారబట్టినా, తరుగు అనే పేరుతో బస్తాకు కిలో, కిలోన్నర, రెండు కిలోలు తీసేసే అలవాటు ఉన్నదే, దానికి ఏ పేరు పెడదాం? అదే వ్యాపారి ఎరువుల కొట్టు కూడా పెట్టాడనుకోండి. వడ్లు కొనేటప్పుడు ఒక కాటా, అమ్మేటప్పుడు ఇంకో లెక్క. మూడువేల ఏండ్ల కిందటి సంచి ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాటా అయింది. లోపలి రాళ్లు మాత్రం రెండూ అలాగే ఉన్నాయి.

లెక్క చూద్దాం. 2025-26 సంవత్సరానికి సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. మూడెకరాల కౌలు రైతుకు 40 కిలోల బస్తాలు 180 వచ్చాయనుకుందాం. బస్తాకు కిలో చొప్పున పోతే 180 కిలోలు. అంటే 4,200 రూపాయల పైమాటే. కౌలు కట్టి, అప్పు తీర్చి, మిగిలినదానిలోంచి పోయిన నాలుగువేలు అవి. వర్తకుడు ఆ ఒక్క రోజు అలాంటి రైతులు పదిమంది దగ్గర తూస్తాడు. ఎవరి ఇంటి తలుపూ పగలలేదు. కుక్క కూడా మొరగలేదు.

మిఠాయి కొట్టులో అట్టపెట్టెను కూడా మిఠాయితోపాటు తూచి దాని ధర మన దగ్గర తీసుకోవడం మీరు చూసే ఉంటారు. 14.2 కిలోల గ్యాస్ ఉండవలసిన సిలిండరులోంచి కొంత వేరే సిలిండరులోకి పంపేవారున్నారు. తూనికలు, కొలతల శాఖ ఉంది, ముద్రలు ఉన్నాయి, జరిమానాలు ఉన్నాయి. మంచిదే. అయితే శాఖవారు రాని రోజున కాటా పక్కన ఎవరు నిలబడి ఉన్నారు? సామెతలు 16:11 చదవండి. సంచిలోని తూనికరాళ్లన్నీ దేవుడు నియమించినవని అక్కడ ఉంది. కాటా మీద దేవుని ముద్ర ఉందన్నమాట.

అమ్మేవారినే అంటే న్యాయం కాదు. సామెతలు 20:14లో కొనేవాడి వంతు వస్తుంది. సరుకు బాగాలేదు, బాగాలేదు అని బేరమాడి, తీరా కొనుక్కుని వెళ్తూ ఎంత చవకగా కొట్టుకొచ్చానో అని చెప్పుకుంటాడు. తలమీద తట్టతో వచ్చిన కూరగాయల అమ్మ దగ్గర రెండు రూపాయలకు గీసి గీసి బేరమాడి, పెద్ద షాపులో చీటీ మీద ఉన్న ధర నోరెత్తకుండా ఇచ్చేది మనమే కదా. పనిమనిషికి జ్వరం వచ్చి మూడు రోజులు రాకపోతే జీతం కోసేది మనమే. లేవీయకాండము 19:13 చూడండి. కూలివాని కూలి తెల్లవారేదాకా మన దగ్గర ఉంచుకోవడాన్ని దోచుకోవడం పక్కనే రాశాడు. మేస్త్రీలు, కాంట్రాక్టర్లు, ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాలు వింటుంటే ఆ వచనం ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి. రిజిస్టరులో సంతకం పెట్టి పది గంటలకే బస్టాండులో ఉండే ఉద్యోగులు కూడా. కారు ఉండి, మేడ ఉండి, తెల్లకార్డు ఉంచుకున్న ఇళ్లవాళ్లు కూడా.

ఇక కరెంటు. తీగలకు కొక్కెం తగిలించి వాడుకోవడం 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షను ప్రకారం దొంగతనమే. మూడేండ్ల వరకు జైలు పడవచ్చు. ఇది చెప్పడానికి నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది గాని చెప్పక తప్పదు. డిసెంబరు వస్తుంది. గుడి మీద నక్షత్రం కడతాం, వీధి పొడవునా రంగు బల్బులు కడతాం. కొన్ని ఊళ్లలో ఆ నక్షత్రానికి కరెంటు ఎక్కడనుంచి వస్తున్నదో తీగ పట్టుకుని వెళ్లి చూస్తే స్తంభం మీది కొక్కెం దగ్గర తేలుతుంది. బేత్లెహేము నక్షత్రం కూడా దొంగ కరెంటుతో వెలగాలా? ఈ సంవత్సరం యౌవనస్థులు తీగ కట్టకముందే సంఘ పెద్దలు దయచేసి ఈ ఒక్క ప్రశ్న అడగండి.

సంఘం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి కూడా. ప్రభువు శిష్యుల డబ్బు సంచి మోసింది యూదా. అందులోనిది తీసుకునేవాడని యోహాను 12:6లో దాచకుండా రాశాడు. పౌలుగారు యెరూషలేము పేదలకోసం కానుకలు పోగుచేసినప్పుడు తానొక్కడే పట్టుకెళ్లలేదు. ఎవరూ వేలెత్తి చూపకుండా సంఘాలు ఏర్పరచిన మనుషులను వెంట పంపాడు. 2 కొరింథీయులకు 8వ అధ్యాయంలో ఉంది. కానుకపెట్టె తెరిచినప్పుడు ఇద్దరు లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చేస్తే ఎవరి భక్తికీ లోటు రాదు.

లూథరుగారు 1529లో పెద్ద ప్రశ్నోత్తరి రాశారు. ఈ ఆజ్ఞ దగ్గర ఆయన సంత వీధులన్నీ తిరిగి వస్తాడు. తక్కువ తూచే వర్తకుడిని, నాసి పనిచేసే పనివాడిని, యజమాని సొత్తు పాడవుతుంటే చూస్తూ ఊరుకునే సేవకుడిని అందరినీ పిలుస్తాడు. దొంగలందరినీ ఉరితీయాలంటే ఉరికంబాలు చాలవన్నంత దూరం వెళ్తాడు. చిన్న ప్రశ్నోత్తరిలోనైతే ఇంకో మెట్టు ఎక్కాడు. పొరుగువాడి సొమ్ము తీసుకోకపోవడంతో ఈ ఆజ్ఞ నెరవేరదట. వాడి సొత్తు, వాడి జీవనోపాధి బాగుపడడానికి, కాపాడబడడానికి మనం చేయి వేయాలట. ఈ మాట జ్ఞాపకం ఉంచుకోండి, తిరిగి దీని దగ్గరకు వస్తాను.

అసలు ఇది ఎక్కడ మొదలవుతుంది? ఆకలితో రొట్టె తీసినవాడి సంగతి వేరు. సామెతలు 30వ అధ్యాయంలో ఆగూరు ప్రార్థన ఉంది. నాకు పేదరికమూ వద్దు, ఐశ్వర్యమూ వద్దు అంటాడు. పేదవాడినైతే దొంగిలిస్తానేమో, కలిగినవాడినైతే దేవుడెవరు అంటానేమో అని ఆయన భయం. నేను ఈ రోజు ఆకలిగొన్నవాడి గురించి మాట్లాడటం లేదు. కడుపు నిండినవాడు ఎందుకు తీస్తాడు?

యెహోషువ 7వ అధ్యాయంలో ఆకాను ఉన్నాడు. యెరికో దోపుడు సొమ్ములోంచి షీనారు దేశపు మంచి వస్త్రం ఒకటి, రెండువందల తులాల వెండి, యాభై తులాల బంగారు కమ్మి తీశాడు. ఇందాకటి లెక్కన బంగారం అరకిలోకు పైగా, వెండి రెండు కిలోలకు పైగా. పట్టుబడినప్పుడు ఆకాను తన కథ నాలుగు మాటల్లో చెప్పాడు. చూశాను, ఆశించాను, తీసుకున్నాను, దాచాను. నాలుగింటిలో మూడోది మాత్రమే ఎనిమిదవ ఆజ్ఞ. రెండోది పదవ ఆజ్ఞ. హెబ్రీలో పదవ ఆజ్ఞలో ఉన్న క్రియాపదమే ఆకాను నోట వచ్చింది. ఏదెనులో హవ్వ చూసిన చెట్టు దగ్గర కూడా ఆ ధాతువే. చేయి కదలడానికి చాలా ముందే కన్ను కదిలింది. పౌలుగారు కొలొస్సయులకు 3:5లో ధనాపేక్షను విగ్రహారాధన అన్నది ఇందుకే. మోషే సంచిలో చూసినదానినే పౌలు గుండెలో చూశాడు.

ఆకాను ఆ వస్త్రం ఎప్పుడు కట్టుకోగలడు? ఇశ్రాయేలు పాళెంలో బబులోను వస్త్రం కట్టుకుని తిరిగితే ఎక్కడిదని అడగరా? డేరాలో గొయ్యి తీసి పాతిపెట్టాడు. వాడుకోలేనిదానికోసం ప్రాణం పోగొట్టుకున్నాడు, ఇంటివారిని పోగొట్టాడు. అంతకుముందే హాయి దగ్గర ముప్పైఆరుగురు చనిపోయారు. వాళ్లకు ఆకాను డేరాలో ఏముందో కూడా తెలియదు.

అహాబు రాజు మరీ విచిత్రం. రాజ్యమంతా ఉన్నవాడు, కూరతోట వేసుకోవడానికి నాబోతు ద్రాక్షతోట కావాలని అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మన పల్లెల్లో ఇంతకంటే చిన్న అహాబులు ఉన్నారు. ఏటా దున్నేటప్పుడు ఒక్క సాలు పక్కవాడి గట్టులోకి. ఒక్క సాలే! పదేళ్లకు హద్దురాయి కదలకుండానే గట్టు కదిలిపోతుంది. పక్క పొలం విధవరాలిదైతే, లేక హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లదైతే, ఇంకా తేలిక. ద్వితీయోపదేశకాండము 19:14 ఆ రాయి గురించే ఉంది. పెద్దవాళ్ల సంగతీ ఇంతే. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి తన లెక్కలు తప్పుడువని ఒక ఉత్తరంలో తానే ఒప్పుకున్నారు. మొదట చిన్నగా ఉన్న తేడా ఏండ్ల తరబడి పెరిగి వేల కోట్లకు చేరింది. ఒక్క సాలుతోనే మొదలవుతుంది.

కొన్ని వారాల కిందట మా కార్యక్రమానికి ఒక ఉత్తరం వచ్చింది. రాసినవారి పేరు గాని, ఊరు గాని, జిల్లా గాని చెప్పను. ఆయన ఒక ధాన్యం వ్యాపారి దగ్గర పదకొండేండ్లుగా గుమాస్తా. కాటా దగ్గర నిలబడి తూకం రాసేది ఆయనే. బస్తాకు కిలోన్నర ఎక్కువ వచ్చేలా కాటా ఎలా పెట్టాలో యజమాని నేర్పించారు. కూతురు నర్సింగు చదువుతోంది, ఫీజు ఆ జీతంలోంచే కడుతున్నారు. దశమభాగం కూడా ఆ జీతంలోంచే ఇస్తున్నారు. ఆయన అడిగిన ప్రశ్న ఇది: "అయ్యగారూ, మీట నొక్కేది నా చేయి, లాభం ఆయనది. పాపం ఎవరిది?" ఉత్తరం చివర ఇంకో మాట ఉంది. ఆ యజమాని అదే సంఘంలో పెద్ద. గుడికి ఫ్యాన్లు ఇప్పించారు, గోడమీద ఆయన పేరుతో రాయి ఉంది. ప్రభుబల్ల దగ్గర ఇద్దరూ పక్కపక్కనే మోకరిస్తారట. "ఆయన నా ముఖం చూడరు, నేను ఆయన ముఖం చూడలేను" అని రాశారు.

సహోదరా, మీరు ఈ రోజు వింటున్నారని నమ్ముతున్నాను. స్టూడియో గదిలో కూర్చుని ఉద్యోగం వదిలేయండి అని చెప్పడం నాకు చాలా తేలిక. ఫీజు కట్టేది నేను కాదు. కాబట్టి వాక్యం ఏమంటుందో అంతవరకే చెబుతాను. పాపం ఎవరిది అన్నారు. ఇద్దరిదీ. అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలో సప్పీరాను పేతురు వేరుగా అడిగాడు. ఆలోచన భర్తది అన్న మాట ఆమెను కాపాడలేదు. 1 సమూయేలు 22:17 కూడా చదవండి. యాజకులను చంపమని సౌలు రాజు తన పక్కన నిలబడిన భటులకు ఆజ్ఞ ఇచ్చాడు. వాళ్ల చేతులు లేవలేదు. వాళ్లూ జీతగాళ్లే, వాళ్లకూ పిల్లలున్నారు, ఎదురుగా ఉన్నవాడు కోపిష్ఠి రాజు. వాళ్ల పేర్లు బైబిలులో లేవు. చేయి ఎత్తిన దోయేగు పేరు మాత్రం ఉంది.

అయితే లూకా 3వ అధ్యాయంలో బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు సుంకరులు వచ్చి మేమేమి చేయాలని అడిగినప్పుడు ఆయన ఉద్యోగం మానేయమనలేదు. నియమించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. సైనికులతో, ఎవరినీ బెదిరించి లాక్కోవద్దు, జీతంతో తృప్తిపడండి అన్నాడు. కాబట్టి కాటా వదిలి పారిపోకముందు కాటాను సరిచేసే ప్రయత్నం చేయండి. మీ యజమానితో ఒంటరిగా మాట్లాడండి. పదిమందిలో వద్దు, ఫోనులో వద్దు. మత్తయి 18:15 పద్ధతి అదే. "అయ్యా, పదకొండేండ్లు మీ ఉప్పు తిన్నాను. మీ సొమ్ము ఒక్క రూపాయి పోనివ్వలేదు. ఇక ముందు కూడా పోనివ్వను. ఈ కిలోన్నర మాత్రం నా చేత్తో తీయలేను" అని చెప్పండి. మాట్లాడబోయేముందు మీ ఇంటి ఇల్లాలితో కలిసి ప్రార్థన చేసుకోండి, ఆమెకు తెలియకుండా ఈ పని చేయవద్దు. ఆయన వినవచ్చు. వినకపోవచ్చు కూడా. రేపటినుంచి రావద్దు అనవచ్చు.

అలా అంటే? ఇక్కడ నేను మీతో కాదు, మీ సంఘంతో మాట్లాడాలి. మీ సంఘం ఏదో నాకు తెలిసినా తెలియకపోయినా, వింటున్న ప్రతి సంఘంతో. నీతిగా ఉండమని ఆదివారం చెప్పి, నీతిగా ఉన్నందుకు సోమవారం ఉద్యోగం పోయినవాడి ఇంటికి మంగళవారం మనం వెళ్లకపోతే ఆ ఆదివారం ప్రసంగానికి అర్థమేముంది? ఇందాక లూథరుగారి మాట జ్ఞాపకం ఉంచుకోమన్నాను. పొరుగువాడి జీవనోపాధి కాపాడడానికి చేయి వేయడం కూడా ఈ ఆజ్ఞలోనిదే. ఆ అమ్మాయి నర్సింగు ఫీజు రెండు టర్ములు సంఘం భరించలేదా? గుడికి ఇంకో రంగు వేయడం ఒక సంవత్సరం ఆగలేదా? ఆదిమ సంఘంలో కొదువగలవాడు ఒక్కడూ లేడని అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో ఉంది. అననీయ, సప్పీరాల కథ దాని వెంటనే వస్తుంది. ఆ రెండు అధ్యాయాలనూ విడదీసి చదవకూడదు.

ఇక మీరు, అయ్యా. ఆ యజమానిగారు. మీరు కూడా రేడియో వింటారేమో. ఈ ఉత్తరం మీ గుమాస్తా రాసిందని అనుమానించకండి, మీలాంటివాళ్లు ఒక్కరు కాదు. మిమ్మల్ని నలుగురిలో నిలబెట్టాలని నాకు లేదు. లేవీయకాండము 6వ అధ్యాయం మొదటి ఏడు వచనాలు మాత్రం మీ గదిలో తలుపు వేసుకుని చదవండి. పొరుగువాడిని మోసం చేసి తీసుకున్నవాడు దానిని పూర్తిగా తిరిగివ్వాలి, ఐదవ వంతు కలిపి ఇవ్వాలి. ఎవరిదో వారికే ఇవ్వాలి. ఆ తరువాతే అపరాధ పరిహారార్థ బలి. ముందు రైతు ఇంటికి, తరువాత బలిపీఠం దగ్గరకు. రైతును దాటుకుని నేరుగా బలిపీఠం దగ్గరకు పోవడానికి దారి లేదు. మీరు ఇప్పించిన ఫ్యాన్ల కింద ఆ రైతులలో కొందరు కూర్చుంటున్నారేమో కూడా ఆలోచించండి.

అంతమందికి ఎలా తిరిగివ్వగలను అంటారు. మీ చిట్టా పుస్తకంలో పేర్లున్నాయి, బస్తాల లెక్క ఉంది. చనిపోయినవాళ్లుంటే వాళ్ల పిల్లలున్నారు. ఎవరూ దొరకనివాళ్ల విషయంలో ఏమి చేయాలో సంఖ్యాకాండము 5:8 చెబుతుంది. అది మొదటి మెట్టు కాదు, ఆఖరిది. పరువు పోతుందంటారు. జక్కయ్య యెరికోలో సుంకరుల పెద్ద. ధర్మశాస్త్రం ఐదవ వంతు అంటే, అతడు నాలుగింతలు అన్నాడు. అదీ ఊరంతా గొణుక్కుంటూ చూస్తుండగా నిలబడి అన్నాడు. ఇది ఆనాటి మాటే అనుకోవద్దు. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకంలో, మన రాష్ట్రంలో సామాజిక తనిఖీలు జరిగాయి. మస్టరులోని పేర్లు ఊరి మధ్య పైకి చదివేవారు. తీసుకున్న డబ్బును జనం ఎదుటే తిరిగి కట్టిన సందర్భాలు ఉన్నాయి. వాళ్లను ఎవరూ కొట్టలేదు. ఊరు చూసింది, అంతే.

ఒక్క విషయంలో పొరపాటు పడవద్దు. తిరిగి ఇచ్చినందుకు జక్కయ్యకు రక్షణ రాలేదు. యేసు ఆ ఇంటికి వచ్చాడు, పేరు పెట్టి పిలిచాడు, భోజనానికి కూర్చున్నాడు. ఆ తరువాతే సంచి విప్పబడింది. మనం ఎంత తిరిగిచ్చినా దేవునికి ఋణం తీర్చినట్టు కాదు. మన ఋణం సిలువమీద ఆయనే తీర్చాడు, అదీ ఇద్దరు దొంగల మధ్య వేలాడుతూ. వాళ్లలో ఒకడికి పరదైసు దొరికింది. అతడికి తీసినది తిరిగివ్వడానికి చేతులు ఖాళీగా లేవు, మేకులతో బిగించి ఉన్నాయి. మన చేతులు ఇంకా కదులుతున్నాయి. ఎఫెసీయులకు 4:28లో పౌలుగారు దొంగిలినవాడికి చెప్పిన పని కూడా ఆ చేతులకే. ఇక దొంగిలక, కష్టపడి పనిచేసి, అక్కరలో ఉన్నవాడికి పంచిపెట్టమన్నాడు. తీసిన చేయే ఇచ్చే చేయి కావాలి.

వచ్చే వారం ఇదే సమయానికి తొమ్మిదవ ఆజ్ఞ ధ్యానించుకుందాం. నిర్గమకాండము 23వ అధ్యాయం మొదటి మూడు వచనాలు చదివి సిద్ధంగా ఉండండి. ఈ రోజు మాట్లాడిన సంగతుల గురించి ఎవరైనా రాయదలచుకుంటే పేరు లేకుండా రాసినా ఫరవాలేదు. మేము ఎవరికీ చూపించము.

ప్రార్థన చేసుకుందాము.

పరలోకమందున్న మా తండ్రీ, కాటా దగ్గర నిలబడే ఆ సహోదరునికొరకు ప్రార్థిస్తున్నాము. ఆయన మాట్లాడే రోజున గొంతు వణకకుండా చేయుము. ఆయన కుమార్తె చదువు ఆగిపోకుండా చూడుము. ఆయన యజమానిని నీవే ఆ పేరుతో పిలువుము ప్రభువా, ఆయన ఇంటికి వెళ్లి భోజనానికి కూర్చొనుము. ఈ సంవత్సరం పంట అమ్ముకోవడానికి బండి కట్టుకుని బయలుదేరిన ప్రతి కౌలు రైతునూ జ్ఞాపకం చేసుకొనుము. మా సంచులు మా చేతులతోనే విప్పుకునే ధైర్యం మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.